ఇంజన్ దించిన బుల్లెట్

పాత బుల్లెట్ 350 ఫ్రేమును ఇంజన్ దించాక ఒకసారి చూడాలి. హ్యాండిల్ మెడ దగ్గర మొదలైన గొట్టం కిందికి వంగి, ఇంజన్ ముందు భాగం దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. సీటు కింద నుంచి దిగిన గొట్టాలు స్టాండు దగ్గర ముగుస్తాయి. ఆ రెంటికీ మధ్య అడుగున ఏమీ లేదు. ఆ ఖాళీని కలిపేది ఇంజనే. ముందు జత ఇనుప పలకలు, వాటి వెనక క్రాంక్‌కేసు, దాని వీపుకు బిగించిన గేర్‌బాక్సు, మళ్లీ వెనక పలకలు. గుంటలో పడిన ముందు చక్రం దెబ్బ ఈ వరుసలోనే వెనక్కి పోతుంది. రంగు వేయిద్దామనో, మెరుగు పెట్టిద్దామనో ఇంజన్ దించేవాళ్లు ఇంటి దూలం తీస్తున్నామని గుర్తుంచుకోవాలి.

ఈ అమరిక వెనక చాలా చరిత్ర ఉంది. ఇంగ్లండులోని రెడ్డిచ్ సూదుల తయారీకి పేరుపడ్డ ఊరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ అక్కడి కంపెనీ. బుల్లెట్ అనే పేరు 1932లో వచ్చింది. ఆ రోజుల్లో ఇంజన్లను తీర్చిదిద్దిన డిజైనర్ టెడ్ పార్డో. యుద్ధం ముగిశాక చీఫ్ ఇంజనీరు టోనీ విల్సన్-జోన్స్ కొత్త ఫ్రేము తెచ్చాడు. వెనక చక్రానికి ఊగే చేతులు, రెండు షాక్ అబ్సార్బర్లు. వెనక చక్రం ఫ్రేముకు బిగుసుకుపోయి ఉండటమే మామూలైన కాలం అది. 1948 ఫిబ్రవరిలో కోల్మోర్ కప్ ట్రయల్‌లో నమూనా బళ్లు దిగాయి. అదే ఏడు ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో విక్ బ్రిటన్, చార్లీ రోజర్స్ ఈ బళ్ల మీదే బంగారు పతకాలు తెచ్చారు. మరుసటి ఏడాది నుంచి బండి అమ్మకానికి వచ్చింది.

1950ల తొలినాళ్లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి ఈ బండిని ఎంచుకుంది. 1955లో రెడ్డిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మొదట ఇంగ్లండు విడిభాగాలతో బళ్లు కూర్చారు. క్రమంగా అన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, 1970కి ఇంగ్లండులో కంపెనీ కథే ముగిసింది. మద్రాసులో మాత్రం 1955 నాటి రూపం దాదాపు అలాగే కొనసాగింది. 1977లో ఆ బండే తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి అయింది. 2008-09లో ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కేసింగులో ఉండే కొత్త ఇంజన్ వచ్చింది. కొద్దికాలానికే పోత ఇనుము సిలిండరు ఇంజన్ తయారీ ఆగిపోయింది. అరవై ఏళ్ల పాటు పెద్ద మార్పు లేకుండా తయారైన ఇంజన్లు ప్రపంచంలో బహు అరుదు.

సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. అంటే 346 సీసీ. పొడవైన నడక, బరువైన ఫ్లైవీలు, దాదాపు 18 హార్స్‌పవర్. ఆ నెమ్మదైన గుండె చప్పుడుకు మూలం ఈ కొలతలే.

సరే, అందం కోసం ఇంజన్ ఎందుకు దించాలి? బండిలో ఉండగానే తుడిచి, మెరుగు పెట్టి, సందుల్లో కుంచె తిప్పి చాలామంది సరిపెడతారు. ఏడాది తిరిగేసరికి సిలిండరు వెనకవైపు రేకుల్లో తుప్పు కనిపిస్తుంది. క్రాంక్‌కేసు అడుగున గట్టిపడ్డ నూనె, మట్టి పేరుకుని ఉంటాయి, వాటి మీద వేసిన పూత పొరలుగా ఊడుతుంది. ఫ్రేము లోపలి గొట్టాలకు పూత పడాలన్నా ఇంజన్ పక్కకు రావాల్సిందే. చేస్తే పూర్తిగా చేయాలన్నదే నా మాట.

దించే పని కష్టం కాదు, ఓపిక కావాలి. పెట్రోలు ట్యాంకు తీయాలి. ఈ ఇంజన్‌లో ఆయిలు ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేసు వెనక భాగంలోనే పోతపోసి ఉంటుంది. కాబట్టి ఇంజన్, ప్రైమరీ కవరు, గేర్‌బాక్సు మూడింటి నూనెలూ వంచాలి. కార్బరేటరు, సైలెన్సరు గొట్టం, చైను, క్లచ్ తీగ, డికంప్రెసరు తీగ, కరెంటు వైర్లు ఒక్కొక్కటే విప్పి, వైర్లకు చీటీలు కట్టాలి. సిలిండరు హెడ్డును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న పట్టీని మరిచిపోతే ఇంజన్ కదలదు. పాత బళ్ల మరలు చాలావరకు బ్రిటిష్ కొలతలవి. వాటికి మిల్లీమీటరు పానా వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. ఇరుక్కున్న పొడుగు బోల్టులను సుత్తితో కొట్టేముందు ఒక రాత్రి నూనెలో నాననివ్వాలి. ఫ్రేము కింద చెక్క దిమ్మలు పెట్టి, హెడ్డు, సిలిండరు ముందే విప్పేస్తే మిగిలిన బరువును ఇద్దరు మనుషులు పక్కకు తేగలరు.

బల్ల మీదికి వచ్చాక అసలు పరీక్ష. అక్కడున్నది ఒక్క లోహం కాదు. సిలిండరు పోత ఇనుము. హెడ్డు, క్రాంక్‌కేసు, కవర్లు అల్యూమినియం. సైలెన్సరు ఉక్కు మీద క్రోమియం. మూడింటికీ ఒకే మందు పనికిరాదు. జిడ్డు త్వరగా పోతుందని కొన్ని షెడ్లలో కాస్టిక్ సోడా నీళ్లలో ముంచుతారు. ఇనుముకు దానితో హాని లేదు. అల్యూమినియంను మాత్రం ఆ సోడా కరిగించి హైడ్రోజన్ బుడగలు లేపుతుంది. అల్యూమినియంకు గాలి తగలగానే ఏర్పడే పలుచని ఆక్సైడు పొరే దాని కవచం. సోడా మొదట ఆ కవచాన్నే తినేస్తుంది. ముంచి తీసిన కవరు నల్లబడి, గరుకుగా మారేది అందుకే. కిరసనాయిలు, కుంచె, ఓపిక, ఇవి చాలు.

ఇసుక కొట్టించడం ఇంకా ప్రమాదం. కవరు పైన కనిపించే మెరుగు సంగతి అటుంచితే, లోపలి ఆయిలు దారుల్లో ఒక్క ఇసుక రేణువు మిగిలినా చాలు. ఆ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్డు కింది కన్నులో తేలుతూ తిరిగే బుష్ ఉంటుంది. పలుచని నూనె పొరే దానికి ఆధారం. గట్టి రేణువు ఆ పొరలో చేరితే బుష్‌నూ క్రాంక్ పిన్నునూ గీరేస్తుంది. బయటి అందం కోసం లోపలి ప్రాణం పోగొట్టుకున్న ఇంజన్లు ఎన్నో ఉన్నాయి. విప్పి ఖాళీ చేసిన క్రాంక్‌కేసునే, అదీ గాజు పూసలతో లేదా నీటితో కలిపి కొట్టే పద్ధతిలో శుభ్రం చేయించి, ఆ తర్వాత ప్రతి రంధ్రంలోకీ వేడి నీళ్లు, గాలి పంపి చూడాలి.

కవర్లకు అద్దం మెరుపు తెప్పించాలా? తిరువొత్తియూరు నుంచి వచ్చినప్పుడు టైమింగ్ కవరు, ప్రైమరీ కవరు మెరిసేవి, క్రాంక్‌కేసు మాత్రం పోత అచ్చు నుంచి వచ్చిన గరుకుతోనే ఉండేది. ఆ తేడాను నిలబెట్టడమే నిజమైన పునరుద్ధరణ అని నా నమ్మకం. అన్నిటినీ ఒకే మెరుపుకు తెస్తే పోత పోసిన చేతుల జాడ చెరిగిపోతుంది. బఫింగ్ చక్రం ప్రతిసారీ కొంత లోహాన్ని తీసుకుపోతుంది, అది తిరిగి రాదు.

సిలిండరు రేకుల నలుపు గురించి ఒక నమ్మకం ఉంది, నల్ల రంగు వేడిని బాగా వదులుతుందని. ఇందులో సగం నిజం ఉంది. మెరిసే లోహం వేడిని కిరణాలుగా వదలడంలో చాలా పిసినారి, రంగు వేసిన ఉపరితలం ఉదారం. అయితే ఆ కిరణాలు కంటికి కనిపించని పరారుణ కాంతి. అక్కడ తెల్ల రంగుకూ నల్ల రంగుకూ పెద్ద తేడా లేదు. పైగా నడిచే బండిలో రేకుల వేడిలో ఎక్కువ భాగం ఎదురుగాలే తీసుకుపోతుంది. కాబట్టి చూడాల్సింది రంగు కంటే పూత మందం. వేడికి తట్టుకునే సిలికోన్ రంగు పలుచగా రెండు పొరలు చాలు. మందమైన పూత రేకుల మధ్య సందులు పూడ్చి, ఇనుము మీద దుప్పటిలా కూర్చుంటుంది. ఈ రంగు వేడి తగిలాకే పూర్తిగా గట్టిపడుతుంది.

సైలెన్సరు గొట్టం మొదలు దగ్గర కనిపించే నీలం, బంగారు వన్నెలు మురికి కాదు. వేడికి లోహం మీద పెరిగిన ఆక్సైడు పొర కాంతి తరంగమంత పలుచగా ఉండి, పొర పైనుంచీ కిందినుంచీ తిరిగొచ్చే కాంతి కలిసి చేసే రంగులవి. క్రోమియం పూత మళ్లీ వేయించాలంటే మంచి చోటే వేయించాలి. లోపలి నికెల్ పొర సరిగా లేకపోతే, మైక్రానుకు లోపు మందం ఉండే క్రోమియం తుప్పును ఆపలేదు. ఆ తొట్టెల్లో మామూలుగా వాడే క్రోమియం సమ్మేళనాలు క్యాన్సరు కారకాలు, అక్కడ పనిచేసేవారి ఆరోగ్యం కూడా ఈ మెరుపు ఖరీదులో భాగమే.

ఒక్క చోట మాత్రం చక్రం, ఉలి, ఇసుక ఏవీ తాకకూడదు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చెక్కిన చోటు. పూత మందంగా పడి అంకెలు కనిపించకపోయినా రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కే. 2021లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు లేని బండికే వింటేజ్ గుర్తింపు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. రోజువారీ వాడకానికి ఈ నంబరు పనికిరాదు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి వాటికి మాత్రమే. అందం పేరుతో ఇంజన్ రూపం మార్చేవాళ్లు ముందు ఈ మాట తెలుసుకోవాలి.

ఇక ఎక్కించడం. దించిన వరుసకు తిరగేసిన వరుసే, ఒక్క తేడాతో. ఫ్రేముకూ పలకలకూ కొత్త పూత పడింది కదా, బోల్టు బిగించినప్పుడు ఆ పూత కూడా మధ్యలో నలుగుతుంది. నడుస్తుంటే వేడికి, వణుకుకు ఇంకాస్త నలిగి పలుచబడుతుంది. బిగువు ఆ మేరకు తగ్గుతుంది. ఈ బండిలో ఆ బోల్టులే ఫ్రేము అడుగు భాగం, సడలితే ఇంజన్ అటూ ఇటూ కదిలి పలకల రంధ్రాలను సాగదీస్తుంది. పలకలు కలిసే చోట, ఎర్త్ వైరు తగిలే చోట రంగు గీకి లోహం బయట పెట్టాలి. మొదటిసారి కిక్కు కొట్టాక రాకరు దగ్గరి నూనె గొట్టం బోల్టు కాస్త సడలించి ఆయిలు పైకి వస్తోందో లేదో చూడాలి. రాకపోతే వెంటనే ఆపేయాలి. తొలి 200 కిలోమీటర్ల లోపే, ఇంజన్ చల్లబడ్డాక, హెడ్డు నట్లు, ముందు వెనక పలకల బోల్టులు అన్నీ సరైన పానాతో మళ్లీ బిగించాలి.