సుల్తాన్ బజార్ లెక్కలు: గుమస్తా కలం నుంచి మాట్లాడే పెట్టె దాకా

సాయంత్రం ఆరు గంటలకు సుల్తాన్ బజార్‌లో నడవడమంటే జనంలో ఈదడమే! చీరలు, రవికె గుడ్డలు, గాజులు, బేరాల కేకలు. ఆ సందడిలోంచి ఒక చిన్న పెట్టె గొంతు వినిపిస్తుంది: "నూట ఇరవై రూపాయలు అందాయి" అని. దుకాణదారు తలెత్తి కూడా చూడడు. చెవితో విని, చేత్తో పొట్లం అందిస్తాడు. ఆ పెట్టె మాటను అతడు ఎందుకు నమ్ముతున్నాడు? ఒకప్పుడు ఆ నమ్మకం ఎవరి మీద ఉండేది?

పక్కనే కోఠీలో బ్రిటిషు రెసిడెంటు ఉన్న కాలంలో ఇది రెసిడెన్సీ బజారు. 1933లో నిజాం ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చి సుల్తాన్ బజార్ అయింది. అప్పటి బట్టల దుకాణం ఒకటి ఊహించుకోండి. గల్లాపెట్టె దగ్గర యజమాని. ఆ పక్కన పరుపు మీద, వాలుబల్ల ముందు గుమస్తా. ఆయన చేతిలో ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకాలు. ఏ రోజు జరిగిన బేరాలను ఆ రోజే, జరిగిన వరసలోనే చిట్టాలో రాస్తాడు. తరువాత వాటిని పేరుపేరునా విడదీసి ఆవర్జాలో ఎక్కిస్తాడు. ప్రతి మొత్తమూ రెండుచోట్ల పడాలి, ఒకచోట జమ, ఒకచోట ఖర్చు. ఇటలీ పండితుడు లూకా పాచోలీ 1494లో అచ్చయిన తన గణిత గ్రంథంలో ఇలాంటి జంట పద్దునే వివరించాడు. వర్తకులు మాత్రం అంతకు ముందునుంచే వాడుతున్నారు.

చివరికి రెండు వైపులా కూడితే సమానం కావాలి. కాకపోతే? అక్కడే గుమస్తా నేర్పు బయటపడుతుంది. తేడా 45 రూపాయలు వచ్చిందనుకోండి. దాన్ని 9 తో భాగించి చూస్తాడు. శేషం లేకుండా పోయింది గదా, అయితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అనుమానం! 72 అంటే 7 పదులు, 2 ఒకట్లు. దాన్ని 27 అని రాస్తే వచ్చే తేడా 45, అంటే 9 × (7 − 2). పక్కపక్కనున్న ఏ రెండంకెలను మార్చి రాసినా తేడా 9 గుణిజమే అవుతుంది. ఒక పద్దు జమ బదులు ఖర్చులో పడితే, తేడా దానికి రెట్టింపు వస్తుంది. కనుక తేడాలో సగాన్ని వెతుకుతాడు. బడిలో బీజగణితం చదవకపోయినా ఈ సూత్రాలు ఆయన వేళ్ళ చివర ఉండేవి.

ఈ పనిని యంత్రానికి అప్పగించిన మొదటివాళ్ళలో ఒకరు లండనులో టీ దుకాణాలు నడిపే లయన్స్ కంపెనీవారు. 1951 నవంబరులో వారి లియో కంప్యూటరు రొట్టెల తయారీ ఖర్చుల లెక్క కట్టింది. టీ, రొట్టెల వ్యాపారం కంప్యూటరుకు తొలి కొలువు ఇచ్చిందంటే, ఇరానీ చాయ్ ఊరివాళ్ళకు సంతోషమే మరి!

మన దేశంలో అంత తొందరగా జరగలేదు. ముఖ్యంగా బ్యాంకులలో. వందలమంది ఉద్యోగులు లావుపాటి లెడ్జర్లలో ఖాతాలు రాసే కాలం అది. కంప్యూటరు వస్తే మా కుర్చీలు ఉంటాయా అని ఉద్యోగ సంఘాలు అడిగాయి. అది అమాయకపు భయం కాదు, న్యాయమైన ప్రశ్న. 1983లో బ్యాంకుల యాజమాన్యాలకూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. యంత్రాలు వచ్చాయి, కాని హద్దులతో. 1984లో రంగరాజన్ సంఘం యాంత్రీకరణ ఎలా సాగాలో నివేదిక ఇచ్చింది. ఈ రంగరాజన్‌గారే తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరు, ఆపైన 1997 నుంచి ఆంధ్రప్రదేశ్ గవర్నరు అయ్యారు. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలో 1942లో పని మొదలుపెట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు కూడా లెడ్జర్ల కాలం నుంచి కంప్యూటర్ల కాలం దాకా వచ్చి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఒకప్పుడు ఫిరంగులు పోతపోసిన చోట బ్యాంకు వెలిసింది, చూశారా!

దుకాణాలకు యంత్రం మరో దారిన వచ్చింది. జౌళి మిల్లులకు ముడిసరుకు, యంత్రభాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపడే సాఫ్టువేరు దొరకలేదు. గణితం చదివిన కొడుకు భరత్ రాసి ఇచ్చాడు. 1986లో వారు పెట్టిన కంపెనీ నుంచే ట్యాలీ వచ్చింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఇటువంటి సాఫ్టువేరు లేకుండా గడవడం చాలామందికి కష్టమైంది.

కంప్యూటరు కూడికలో తప్పదు. 72ను ఒకవైపు 27గా ఎక్కించదు. కనుక తొమ్మిది సూత్రంతో దానికి పని లేదు. కాని ఒకే పేరున్న ఇద్దరు వ్యాపారులలో ఒకరి పద్దు మరొకరి ఖాతాలో పడిందనుకోండి. రెండు వైపులా సమానమే! యంత్రం నిశ్చింతగా ఊరుకుంటుంది. "ఈయన మన దగ్గర ఎన్నడూ పట్టు కొనడే!" అని ఆగేది మనిషే. గుమస్తాలలో కొందరు ఈ యంత్రం నేర్చుకుని నిలిచారు. ఇప్పుడు ఒక్కరే నాలుగైదు దుకాణాల లెక్కలు చూడవచ్చు. మరి మిగతా దుకాణాల గుమస్తాలు ఏమయ్యారని మీరు అడిగితే, అడగవలసిన ప్రశ్నే అది.

సరుకు మీది గీతల ముద్రలో మాత్రం తప్పు పట్టే లెక్క అంకెల్లోనే ఉంటుంది. బార్‌కోడు ఉన్న సరుకును అమెరికాలో ఒక దుకాణం 1974 జూన్ 26న మొదటిసారి అమ్మింది. అది చూయింగ్ గమ్ పొట్లం. ఒక కల్పిత సంఖ్య తీసుకుందాం: 8901234500019. చివరి 9 కాపలా అంకె. మిగిలిన పన్నెండింటిలో బేసి స్థానాల మొత్తం 14. సరి స్థానాల మొత్తం 19, దాని మూడు రెట్లు 57. కలిపితే 71. దీన్ని 80 చేయడానికి 9 కావాలి, అదే కాపలా అంకె! గీతలు చెరిగి, అంకెలు చేత్తో కొట్టేటప్పుడు 34 బదులు 43 అని కొడితే మొత్తం కుదరదు, యంత్రం ఒప్పుకోదు. కాని 50 బదులు 05 కొట్టి చూడండి. మోసపోతుంది! రెండంకెల తేడా 5 అయినప్పుడల్లా అంతే. ఎందుకో మీరే తేల్చండి.

ఇక దుకాణం ముందు అంటించిన నలుపు తెలుపు చదరం, క్యూఆర్ కోడు. దీన్ని 1994లో జపానులో మసాహిరో హారా బృందం కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేసింది. మూడు మూలల్లో ఉన్న పెద్ద చదరాలు ముద్ర ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో ఫోనుకు చెబుతాయి. తగిన విధంగా ముద్రిస్తే సుమారు 30 శాతం దాకా చెడినా చదవవచ్చు. దుమ్ము, వాన, చెమట చేతులు ఉన్న బజారుకు ఇంతకన్న ఏం కావాలి? 2016లో యూపీఐ వచ్చాక ఈ ముద్ర గాజుల బండి మీదికీ చేరింది.

దొంగలూ చేరారు. దుకాణదారు ముద్ర మీద తమ ముద్ర అంటించిపోతారు. డబ్బు వెళుతుంది, వేరే ఖాతాకు. ముద్ర తన అంకెలు చెడ్డాయో లేదో చూసుకుంటుంది గాని, తాను ఎవరిదో చెప్పుకోలేదు. అందుకే ఆ మాట్లాడే పెట్టె. లోపల ఫోనులో ఉన్నట్టే ఒక సిమ్ము. దుకాణదారు ఖాతాలో డబ్బు పడితేనే దానికి కబురు వస్తుంది. కొన్నవారు ఫోను చూపించి "పంపాను బాబూ" అంటారు. పెట్టె మాత్రం పలకదు. "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని దుకాణదారు పొట్లాన్ని మళ్ళీ గల్లా మీద పెడతాడు.