మేడిగడ్డ అడుగున ఇసుక ఎలా జారింది?

కరీంనగర్: ఎండాకాలంలో గోదావరి ఇసుకలో చెలమ తవ్విన వారికి ఒక విషయం అనుభవమే. పైకి ఎండినట్లు కనిపించే నది అడుగున నీరు మెల్లగా నడుస్తూనే ఉంటుంది. ఇసుకపై నిర్మించే ప్రతి బ్యారేజీకీ ఈ కనిపించని ప్రవాహమే అసలు పరీక్ష. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమై, నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న మేడిగడ్డ వద్ద 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పియర్లు కుంగడంతో ఈ సంగతి ఇంటింటా చర్చకు వచ్చింది.

85 గేట్లు, 16.17 టీఎంసీల సామర్థ్యంతో 2019 జూన్ 21న ప్రారంభమైన బ్యారేజీ అది. గేట్లు మూసినప్పుడు ఎగువన నీటిమట్టం పెరుగుతుంది, దిగువన తక్కువగా ఉంటుంది. ఆ తేడా నీటిని కాంక్రీటు పునాది కిందుగా దిగువకు తోస్తుంది. బయటికి ఉబికే చోట ఊట వేగం మితిమీరితే ఇసుక రేణువులు బరువు కోల్పోయి లేచిపోతాయి. అలా ఏర్పడిన రంధ్రం క్రమంగా ఎగువ వైపునకు పాకుతుంది. మన చెరువు కట్టలకు బుంగ పడటం సరిగ్గా ఇదే. సాధారణ ఇసుకలో మీటరు దూరానికి సుమారు మీటరు నీటిమట్టం తగ్గితే ఈ ప్రమాదం ముంచుకొస్తుంది. అందువల్ల ఇంజినీర్లు అందులో ఐదు నుంచి ఏడో వంతుకు మించనీయరు.

ఈ లెక్క తేలికగా రాలేదు. 1856లో ఫ్రాన్సులో హెన్రీ డార్సీ ఇసుక గొట్టాలతో ప్రయోగాలు చేసి భూగర్భ ప్రవాహ సూత్రాన్ని ప్రకటించారు. గంగానదిపై నరోరా ఆనకట్ట 1898లో దెబ్బతింది. అటుపై బ్లై అనే ఇంజినీరు, పునాది కింద నీరు నడిచే దూరమే రక్షణ అని ప్రతిపాదించారు. పంజాబు కాలువల నిర్మాణాల కింద పీడనాలను కొలిచిన ఖోస్లా బృందం, ఆ దూరమంతా సమాన రక్షణ ఇవ్వదని 1936లో వెల్లడించింది. అడుగున నిలువుగా దించిన గోడకు విలువ ఎక్కువ. దిగువ చివర ఊట ఎంత ఉధృతంగా వెలువడుతుందన్నదే కీలకం.

మేడిగడ్డలో ఆ గోడ పాత్రను సీకెంట్ పైల్స్ పోషించాయి. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా వేసే కాంక్రీటు స్తంభాలివి. పునాది నేలను వేల గళ్లుగా విడగొట్టి ఊటను గణించే కంప్యూటర్ నమూనాలు నేడున్నాయి. అయితే గోడ అతుకులేనిదని నమూనాకు చెబితే అది అలాగే నమ్ముతుంది. నది నమ్మదు. రెండు స్తంభాల నడుమ సందు మిగిలితే ఊటంతా అక్కడికే చేరుతుంది.

జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ బృందం 2023 నవంబరులో ఇచ్చిన నివేదికలో పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని, సీకెంట్ పైల్స్ వైఫల్యాన్ని ప్రస్తావించింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ లోపాలన్నీ కలిసి ఈ స్థితికి దారితీశాయని పేర్కొంది. అదే నెలలో అన్నారం బ్యారేజీ వద్దా ఊటలు బయటపడ్డాయి. అన్నారం, సుందిళ్ల కూడా ఇసుకపై, ఇవే తరహా స్తంభాలతో నిర్మించినవే. గోదావరికి ఆవలి ఒడ్డు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా కావడంతో ఇరు తీరాల రైతుల సాగునీరు దీనితో ముడిపడి ఉంది.

గేట్లన్నీ తెరచి ఉంచాలని 2024 మే నెలలో సూచనలు వెలువడ్డాయి. మరమ్మతుకు ముందు బోర్లు వేసి నమూనాలు తీయాలి. ఇసుక సాంద్రతను, నీరు పారే గుణాన్ని కొలవాలి. భూమిలోకి విద్యుత్తు పంపి ఖాళీలను పసిగట్టాలి. ఖాళీలను ముందే సిమెంటు ద్రవంతో పూడ్చివేస్తే, ఇసుక ఎటు పోయిందో చెప్పే ఆనవాళ్లు కూడా పూడిపోతాయి.