పాత కంప్యూటర్‌ను పారెయ్యొద్దు - చురుకుగా చేసుకుందాం



"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట్లోకి కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు దానికి గుడ్డ కప్పి, పసుపు కుంకుమ పెట్టి చూసుకుంటరు. నాలుగేండ్లు అయినంక "ఇది మొద్దుబారింది, అమ్మేసి కొత్తది తెద్దాం" అంటరు. కానీ చాలాసార్లు అది చెడిపోయి ఉండదు. దాని మీద బరువు ఎక్కువై ఉంటది, లోపల దుమ్ము పట్టి ఉంటది. ఆ బరువు ఎట్ల దించాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. మన కంప్యూటర్ గదిలో ఉన్నవి కూడా ఇండ్లలో వాడే రకమే. కాబట్టి ఇవి రెండు చోట్లా పనికొస్తయి.

ఇది మనకెందుకు అని అడగవచ్చు. మన పీరియడ్ 40 నిమిషాలు. కంప్యూటర్ లేచి కూర్చునే సరికి 10 నిమిషాలు పోతయి. ముగ్గురికి ఒక కంప్యూటర్ కాబట్టి ఒక్కొక్కరికి మిగిలేది 10 నిమిషాలే. అందులో కూడా అది నత్తలాగ నడిస్తే, పని వచ్చిన పిల్ల "జరుగు, నేను తొందరగా చేస్తా" అని మౌస్ తీసుకుంటది. రానివాళ్లు వెనక నిలబడి చూస్తరు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. మనలో చాలామంది అట్లాంటివాళ్లమే. ఇక్కడ మన వేళ్లు మీటల మీద పడకపోతే ఇంకెక్కడ పడతయి? అందుకే కంప్యూటర్ వేగం అంటే మన వంతు అని నేను అనుకుంటున్నాను.

1. లోపల ఎవరెవరు ఉంటరు?

కంప్యూటర్‌లో ముఖ్యమైనవి మూడు. మన హాస్టల్‌తో పోల్చి చెప్తాను.

ప్రాసెసర్ అంటే కూర్చుని లెక్కలు చేసే పిల్ల. ర్యామ్ అంటే ఆమె ముందున్న రాత పీట. హార్డ్ డిస్క్ అంటే ఆమె ట్రంకు పెట్టె. పుస్తకాలన్నీ పెట్టెలో ఉంటయి. కావలసినవి తీసి పీట మీద పెట్టుకుని చదవాలి. పీట చిన్నదై, పుస్తకాలు ఎక్కువైతే ఏమైతది? ఒకటి లోపల పెట్టి ఇంకొకటి తీయాలి. చదువుకన్నా పెట్టె తీయడం, మూయడమే ఎక్కువైతది. పిల్ల తెలివైనదే కానీ పని సాగదు. కంప్యూటర్ నెమ్మదించడానికి పెద్ద కారణం ఇదే.

ఇంకో సంగతి. కరెంటు పోతే పీట మీదివన్నీ మాయమైతయి, పెట్టెలోవి మాత్రమే ఉంటయి. అందుకే రాస్తున్నప్పుడు మధ్య మధ్యలో కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కి దాచుకోవాలి.

2. ముందు జబ్బు తెలుసుకోవాలి

జ్వరం చూడకుండా మందు వేయరు కదా. విండోస్ ఉన్న కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోట ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఎంత శాతం పని చేస్తున్నయో కనిపిస్తది. కంప్యూటర్ నెమ్మదించినప్పుడు ఏది 90 నుండి 100 దగ్గర ఉండిపోయిందో చూడాలి.

మెమరీ నిండితే పీట చిన్నది అని అర్థం. డిస్క్ 100 దగ్గర ఆగితే పెట్టె తీయడం, మూయడం ఎక్కువైంది అని అర్థం. ప్రాసెసర్ నిండితే ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని వదలడం లేదు అని అర్థం. అది ఏదో పేరుతో సహా అక్కడే కనిపిస్తది. జబ్బును బట్టే మందు.

3. రూపాయి ఖర్చు లేని పనులు

(అ) కంప్యూటర్ వేయగానే కొన్ని ప్రోగ్రాములు పిలవకుండానే లేస్తయి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే చోట వాటి పట్టీ ఉంటది. అవసరం లేనిదాని మీద కుడి మీట నొక్కి డిసేబుల్ అనాలి. దీనివల్ల ప్రోగ్రామ్ పోదు, మనం పిలిచినప్పుడే వస్తది. వైరస్ నుండి కాపాడేదాన్ని మాత్రం ఆపొద్దు.

(ఆ) ఇంటర్నెట్ చూసేటప్పుడు ఇరవై పేజీలు తెరిచి పెట్టొద్దు. ప్రతి పేజీ పీట మీద చోటు తీసుకుంటది. చదివినది మూసేయాలి.

(ఇ) వాడని ఆటలు, ప్రోగ్రాములు తీసేయాలి. ఐకాన్ ఒక్కటి తుడిస్తే ప్రోగ్రామ్ పోదు. సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గరికి పోయి అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

(ఈ) డౌన్‌లోడ్స్‌లో ఒకే సినిమా పాట మూడుసార్లు ఉంటది. తుడిచినవి కూడా రీసైకిల్ బిన్‌లోనే పడి ఉంటయి. చెత్తబుట్ట నింపి ఇల్లు ఊడ్చినం అన్నట్టే. దాన్ని కూడా ఖాళీ చేయాలి. డిస్క్‌లో ఐదో వంతు చోటు ఖాళీగా ఉంచితే మంచిది.

(ఉ) విండోస్ 10లోనూ, 11లోనూ ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా లోపలి ముఖ్యమైన భాగం పూర్తిగా ఆరిపోదు, నిద్రపోయి లేస్తది. రీస్టార్ట్ చేసినప్పుడే మొత్తం మొదటి నుండి మొదలైతది. కంప్యూటర్ తిక్కతిక్కగా ఉంటే ముందు రీస్టార్ట్ చేసి చూడాలి.

(ఊ) "ఒక్క మీటతో మీ కంప్యూటర్ పది రెట్లు వేగం" అని ప్రకటనలు వస్తయి. నమ్మొద్దు. అట్లాంటివాటితోనే వైరస్ వచ్చే ప్రమాదం ఉంది. వైరస్ మందులు కూడా రెండు రకాలు పెట్టొద్దు. ఇద్దరు కావలివాళ్లు ఒకరినొకరు దొంగ అని పట్టుకున్నట్టు అయితది.

4. దుమ్ము కూడా జబ్బే

ప్రాసెసర్ పని చేస్తే వేడెక్కుతది. ఆ వేడిని ఫ్యాన్ బయటికి పంపాలి. దుమ్ము అడ్డం పడితే వేడి లోపలే ఉంటది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటది. మనం ఎండలో నడక తగ్గించినట్టే. ఇంకా వేడి పెరిగితే కంప్యూటర్ తనకు తానే ఆగిపోతది.

శుభ్రం చేసేటప్పుడు పెద్దవాళ్లు తప్పకుండా దగ్గర ఉండాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, కొంతసేపు ఆగాలి. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము తీయాలి. ఫ్యాన్ గిరగిర తిరగకుండా వేలితో పట్టుకోవాలి. తడి గుడ్డ లోపల పెట్టొద్దు. కరెంటు వచ్చే ఇనుప డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ పీకినా అందులో కరెంటు నిలువ ఉంటది. కంప్యూటర్‌ను గోడకు ఆనించి పెట్టకుండా వెనక జానెడు జాగా ఉంచాలి.

5. కొంచెం ఖర్చుతో పెద్ద మార్పు

పై పనులు చేసినా మారకపోతే సామాను మార్చాలి. కంప్యూటర్ మొత్తం కాదు, ఒక ముక్క చాలు.

మొదటిది డిస్క్. పాత హార్డ్ డిస్క్‌లో గుండ్రని పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. దాని మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ కదిలి సమాచారం వెతుకుతుంది. ఒక్క చోటికి పోవడానికి సెకనులో సుమారు నూరో వంతు పడుతుంది. అది మనకు తక్కువే కానీ, కంప్యూటర్ లేవాలంటే వేలసార్లు అట్ల వెతకాలి. ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకంలో తిరిగేది ఏదీ లేదు. అడిగిన వెంటనే ఇస్తుంది, వెతకడంలో వంద రెట్లు ముందుంటది. పాత కంప్యూటర్‌కు ఇదే మేలైన మందు. నిమిషాలు పట్టే పని సెకన్లలోకి వస్తది.

రెండోది ర్యామ్. 4 జీబీ ఉంటే 8 జీబీ చేసుకోవచ్చు. కొనే ముందు అది డీడీఆర్ 3 రకమా, డీడీఆర్ 4 రకమా చూడాలి. గాటు వేరే చోట ఉంటది కాబట్టి ఒకటి ఇంకొక దాంట్లో పట్టదు. ల్యాప్‌టాప్ ముక్క పొట్టిగా ఉంటది.

మూడోది చిన్న బిళ్ల సెల్. కంప్యూటర్ వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏండ్ల వెనక్కి పోతే, లోపలి సెల్ అయిపోయిందని అర్థం. దాని మీద సీఆర్ 2032 అని ఉంటది, 3 వోల్టులు. గోడ గడియారం సెల్ అంత సులభంగా దొరుకుతది. తేదీ తప్పుగా ఉంటే చాలా వెబ్‌సైట్లు "ఇది సురక్షితం కాదు" అని తెరుచుకోవు. స్కాలర్‌షిప్ ఫారం నింపే రోజు అట్ల అయితే ఎంత కష్టమో ఆలోచించండి. ఇంటర్నెట్ చెడిపోయింది అనుకునే ముందు తేదీ చూడాలి.

సామాను మార్చే ముందు మన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇంకొక కాపీ చేసుకోవాలి. ఇది మరవొద్దు.

6. కంటికీ చేతికీ అనుకూలం

వేగం ఒక్కటే సరిపోదు, వాడటానికి హాయిగా ఉండాలి. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ నొక్కి పట్టి ప్లస్ మీట నొక్కితే పేజీ పెద్దగా అయితది. తెర మన నుండి చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి. కిటికీ వెలుతురు తెర మీద పడకుండా తిప్పి పెట్టాలి. మౌస్ బాణం మరీ పరుగెత్తితే సెట్టింగ్స్‌లో దాని వేగం తగ్గించవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది చాలా మేలు.

తెలుగులో రాయడానికి విండోస్‌లో తెలుగు కీబోర్డ్ ముందే ఉంది. భాషల సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకుంటే, విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కగానే ఇంగ్లీషు నుండి తెలుగుకు మారుతది. దీనిని ఇన్‌స్క్రిప్ట్ అంటరు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటయి. "అమ్మ" అని రాయాలంటే షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ వస్తది. తర్వాత షిఫ్ట్ వదిలి సి, డి, సి నొక్కితే మ్మ వస్తది. ఒక్కసారి వేళ్లకు అలవాటైతే హిందీకి కూడా అదే పద్ధతి, క ఉన్న చోటే హిందీ క ఉంటది.

మీకు తెలుసా? మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల ఊరి పేరు కంప్యూటర్ లోకంలో ఉంది! అక్కడ దొరికిన గోండి లిపికి "గుంజాల గోండి" అనే పేరుతో 2018లో యూనికోడ్‌లో చోటు ఇచ్చినారు. నోటో అనే ఉచిత ఫాంట్ల వరుసలో దీనికి కూడా ఒక ఫాంట్ ఉంది. ఆ ఫాంట్ వేసుకోకపోతే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తయి. వేసుకుంటే మన తాతల అక్షరాలు తెర మీద కనిపిస్తయి.

7. విండోస్ 10 సంగతి

2015లో వచ్చిన విండోస్ 10కి మామూలుగా ఇచ్చే సహాయం 2025 అక్టోబర్ 14న ముగిసింది. అంటే కంప్యూటర్ ఆగిపోదు, కానీ దొంగదారులు మూసే అప్‌డేట్లు మామూలుగా రావు. విండోస్ 11 వేయాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే భద్రత ఏర్పాటు, ఒప్పుకున్న రకం ప్రాసెసర్ ఉండాలి. చాలా పాత కంప్యూటర్లకు ఇవన్నీ ఉండవు.

అంతమాత్రాన తూకానికి వేయనక్కరలేదు. లినక్స్ అని ఒకటి ఉంది. దాని పని 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టినాడు. ఉచితంగా దొరుకుతది. అందులో లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైన రకాలు పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తయి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదనే నేర్చుకుంటున్నరు. ముందుగా పెన్‌డ్రైవ్ నుండే నడిపి చూడవచ్చు, లోపలి ఫైళ్లు పోవు. నచ్చితేనే వేసుకోవాలి.

8. మన గదిలో చేయగలిగినది

సార్లకు, మేడం గారికి ఒక మనవి. మూలన గుడ్డ కప్పి పెట్టిన కంప్యూటర్లను పాత సామాను కింద రాయించే ముందు, శనివారం సాయంత్రం ఒక గంట మాకు అవకాశం ఇవ్వండి. సార్ దగ్గర ఉండి చూపిస్తే, మేము గుంపులుగా దుమ్ము తీస్తం, చెత్త ఫైళ్లు తీస్తం. ప్రతి కంప్యూటర్‌కు ఒక అట్టముక్క అంటిద్దాం. మీట నొక్కినప్పటి నుండి పని మొదలయ్యే వరకు ఎన్ని నిమిషాలు పట్టిందో గోడ గడియారం చూసి తేదీతో రాద్దాం. బాగుచేయకముందు ఎంత, చేసినంక ఎంత అని అప్పుడు లెక్క తెలుస్తది. ఏ కంప్యూటర్‌కు ఏ ముక్క కొనాలో కూడా ఆ అట్ట చూస్తే తెలిసిపోతది.

అక్కలకు ఒక మాట. ఐదు నిమిషాలు మిగిలినా అది ఒక చెల్లె వంతు. వచ్చినవాళ్లు పక్కన నిలబడి చెప్పండి, రానివాళ్ల చేతికి మౌస్ ఇవ్వండి.

సందేహాలు ఉంటే చీటీ రాసి ఈ గోడ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. తెలిసినంత వరకు వచ్చే సంచికలో జవాబు రాస్తాను.

ఇట్లు
తొమ్మిదవ తరగతి విద్యార్థిని