మన అంగడి వీధి: ఆనాటి బేరాలు, వినోదాలు

మొన్న భోగి పండుగకు అటక మీది పాత సామాను దించుతూ ఉంటే, తాటాకు బుట్ట అడుగున గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటి బయటపడింది. పాత కాగితాలవాడు దానిని తక్కెడలో వేసి తూకం కూడా చెప్పేశాడు. ఇంతలో మా అమ్మ వంటింట్లోనుంచి వచ్చి, "అది మీ అవ్వ వాళ్ళ నాయన కొట్టు చిట్టారా, తూకానికి ఇచ్చేస్తావా?" అన్నది. సిగ్గుపడి వెనక్కు తీసుకున్నాను. ఆఫీసులో పగలల్లా లెక్కల పుస్తకాలతో కాపురం చేసేవాణ్ణి, ఇంటి లెక్కల పుస్తకాన్నే పోల్చుకోలేకపోయాను.

ఆ రాత్రి దానిని విప్పి చూస్తే ఒక వింత కనబడింది. అక్షరాలన్నీ అరవం, మాటలన్నీ తెలుగు. అరవ లిపిలో గ, బ, దలకు వేరే అక్షరాలు లేవు గదా! అందుచేత గాజులు "కాజులు" అయినాయి, దోసకాయ "తోసకాయ" అయింది. బెల్లం అని ఉండవలసిన చోట "పెల్లం" అని ఉంది. మా అబ్బాయి దానిని "పెళ్ళాం అర వీశె" అని చదివి పడిపడి నవ్వాడు. మేమందరమూ నవ్వాము. నవ్వు ఆగిన తరువాత వాడు, "తాతకు తెలుగు రాయడం రాదా నాయనా?" అని అడిగాడు. రాదు. నాకు మాత్రం చిన్నప్పుడే వచ్చిందా? ముప్పై యేళ్ళు దాటిన తరువాత ఆదివారం తరగతులలో కూర్చుని నేర్చుకున్నాను. మన ఇళ్ళలో చాలామంది కథ ఇంతే.

ఆ చిట్టాను ముందు పెట్టుకుని, అవ్వ బ్రతికి ఉండగా చెప్పిన మాటలు తలచుకుంటూ, మన రెండు ఊళ్ళ అంగడి వీధులు మన పెద్దల నాడు ఎట్లా ఉండేవో నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రైలు తెచ్చిన సంత

మన వీధులకు ప్రాణం పోసింది రైలు. 1876లో మదురై వైపునుంచి తూత్తుకుడి రేవు దాకా దారి పడింది. నల్లరేగడిలో పండిన పత్తి కోవిల్‌పట్టిలో బండి ఎక్కి రేవుకు పోయేది. ఈ నేల సంగతి తెలుసుకోవడానికి 1901లోనే ప్రభుత్వం కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టింది. తరువాత నూలు మిల్లులు వచ్చాయి. కోయంబత్తూరులో కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్లు కూడా ఇక్కడ శాఖ పెట్టింది. మిల్లు కూత కూస్తే అంగడి వీధికి గడియారం కొట్టినట్లే.

విరుదునగరం తీరు వేరు. దాని పేరు అప్పుడు విరుదుపట్టి, 1923లో మారింది. మా ముత్తాత మాత్రం చివరిదాకా చిట్టాలో విరుదుపట్టి అనే వ్రాశాడు. మిరపకాయలు, పప్పులు, ధనియాలు, నూనె, మలయాళం కొండల ఏలకులు, సరుకు పండేది ఎక్కడయినా దానికి ధర కట్టేది అక్కడ. నాడార్ వర్తకులు మూటకు ఇంత అని "మహమై" తీసి ఊరుమ్మడి నిధిలో వేసేవారు. ఇంటింటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం కూడా ఆ పుణ్యానికే పోయేది. అటువంటి సొమ్ముతో నడిచిన క్షత్రియ విద్యాశాలలోనే 1903లో పుట్టిన కామరాజుగారు చదువుకున్నారు. చదువు మధ్యలో ఆపి ఆయన కూర్చున్నది కూడా మేనమామగారి బట్టల అంగడిలోనే.

మా ముత్తాత కొట్టు కోవిల్‌పట్టిలో, సరుకు కొనడం విరుదుపట్టిలో. మధ్య ముప్పై మైళ్ళు. తెల్లవారుజాము బండికి పోయి రాత్రి బండికి వచ్చేవాడట. ఒకసారి మండీలో బేరం ఆడుతూ తమ్ముడితో తెలుగులో, "ఆగు, ఇంకొక అణా దిగుతాడు" అన్నాడట. లెక్క వ్రాసుకుంటున్న నాడార్ గుమాస్తా తల ఎత్తకుండానే, "దిగడండీ, ఇదే కడపటి ధర" అని తెలుగులోనే జవాబు చెప్పాడట! ఇంట్లో మాట రహస్యమని మనం అనుకోవడమేగాని, వర్తకం చేసేవాడు అందరి భాషా వింటాడు. అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా మేము మొదటిసారి విన్నట్లే నవ్వేవాళ్ళము.

గడపలోకి వచ్చిన బజారు

ఇప్పుడు మనం బజారుకు పోతున్నాము. అప్పుడు బజారే గడపలోకి వచ్చేది. తెల్లవారగానే పదనీరు కుండ, తరువాత తూత్తుకుడి ఉప్పు బండి, ఎండ ఎక్కేసరికి తాటిముంజలు, మధ్యాహ్నం ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు, సాయంత్రం తాటిబెల్లం పాకంలో వేరుశనగ వేసి చేసిన మిఠాయి. ఆ మిఠాయే తరువాత చెరుకు బెల్లంతో ఊరి పేరు మోసి, 2020లో "కోవిల్‌పట్టి కడలై మిఠాయి"గా భౌగోళిక గుర్తింపు పొందింది. పక్కన సాత్తూరు కారాసేవు, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా. రైలు ఆగిన చోటల్లా ఒక రుచి ఉండేది.

రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. 1957లో నయాపైసలు వచ్చేదాకా ఇదే లెక్క. కాణీకి కూడా సరుకు దొరికేది, పైన కొసరు కూడాను. కొసరు వేయని అంగడికి పిల్లలు పోరు. పిల్లలు పోని అంగడికి తల్లులు పోరు. ఇది ఏ పరీక్షకూ చదవని వాణిజ్య శాస్త్రం.

వచ్చేవాళ్ళందరిలో మన ఆడవారు ఎదురుచూసేది గాజుల చెట్టిని. గాజులమ్మే బలిజలు మనవాళ్ళే గనుక వీధిలో అరవంలో కేక వేసినా, అరుగెక్కిన తరువాత తెలుగే. చేయి పట్టుకుని గాజు ఎక్కిస్తూ ఊరూరి కబుర్లు చెప్పేవాడు. ఏ ఊళ్ళో పిల్ల ఉన్నది, ఎవరింట్లో పిల్లవాడు ఉన్నాడు, అన్నీ అతనికి తెలుసు. మన సంబంధాలు ఎన్ని ఆ అరుగుల మీద కుదిరినాయో!

1920ల తరువాత అగ్గిపెట్టె వచ్చింది. అంతకు ముందు అగ్గిపెట్టెలు స్వీడనునుంచి, జపానునుంచి ఓడలో రావలసిందే. శివకాశివారు ఇద్దరు, అయ్య నాడార్, షణ్ముగ నాడార్, 1922లో కలకత్తా పోయి ఆ పని నేర్చుకుని వచ్చారు. కొద్ది కాలంలోనే ఆ పని సాత్తూరు, కోవిల్‌పట్టి ఇళ్ళలోకి ప్రాకింది. అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళు పెట్టెలు అంటించేవారు, పిల్లలు చట్రాలలో పుల్లలు పేర్చేవారు. వానలు లేని సంవత్సరం ఎన్నో పొయ్యిలు వెలిగింది ఈ కూలితోనే. ఎందరో పిల్లల చదువు కాలిపోయింది కూడా ఈ అగ్గితోనే అని చెప్పక తప్పదు.

వాకిటి వేడుకలు

వేడుకలు కూడా వాకిట్లోకే వచ్చేవి. చీకటి ఉండగానే ఉడుకు వాయిస్తూ కుడుకుడుప్పైవాడు వచ్చి, జక్కమ్మ పేరు చెప్పి, మంచి కాలం వస్తుందని పలికిపోయేవాడు. పగలు గంగిరెద్దు. అరవవాళ్ళు దానిని "బూంబూం మాడు" అంటారు. ఆడించేవాడిది తెలుగు. ఎద్దు తల ఊపితే చేటలో బియ్యం పోసి అవ్వ, "ఏ ఊరయ్యా మీది?" అని అడిగేది. అతను ఊరి పేరు చెప్పేవాడు. ఇంతే సంభాషణ. అయినా ఇంటి గోడల బయట, వీధి మధ్యలో, పదిమంది ఎదుట మన మాట వినబడేది ఆ క్షణంలోనే. అవ్వ మొహం ఎందుకు అంత వెలిగేదో చిన్నప్పుడు నాకు తెలియలేదు.

పండుగలకు కంబళంవారు దేవదుందుభి మోతకు దేవరాట్టం ఆడేవారు. పంగుణి ఉత్తరానికి కళుగుమలై కావళ్ళు పోయేవి. ఆ కావళ్ళవాళ్ళు పాడే కావడిచిందు కట్టినవారు చెన్నికుళం అణ్ణామలై రెడ్డియార్. తెలుగు పూర్వీకుల బిడ్డ అరవ జాతికి ఇచ్చిన పాట అది. శంకరదాస స్వాములు వ్రాసిన "వళ్ళి తిరుమణం" వంటి నాటకాలు తెల్లవార్లూ జరిగేవి. రాజపార్టు ఒక ఊరినుంచి, స్త్రీపార్టు ఒక ఊరినుంచి, హార్మోనియం ఇంకొక ఊరినుంచి వచ్చి, రాత్రి పదింటికి ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తెల్లవారేసరికి పెళ్ళి చేసి పంపేవారు.

తరువాత డేరా సినిమా. తిరుచిరాపల్లి రైల్వే ఆఫీసులో పటాలు గీసే సామికణ్ణు విన్సెంటు 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర బొమ్మల యంత్రం కొని, ఉద్యోగం వదలి, డేరా వేసుకుని ఊరూరా తిరిగాడు. ఆ దారినే ఎందరో నడిచారు. నేల టికెట్టువాళ్ళు ఇసుక కుప్ప చేసుకుని దానిపై కూర్చునేవారు. వెనకవాడు కేకలు వేస్తే ఇసుక తగ్గించేవారు. 1931 అక్టోబరులో మొదటి అరవ టాకీ "కాళిదాస్" వచ్చింది. తీసినవాడు మన హెచ్. ఎం. రెడ్డి. అందులో నాయిక టి. పి. రాజలక్ష్మి అరవంలో మాట్లాడితే, నాయకుడు తెలుగులో జవాబు చెబుతాడు! పట్టణంవాళ్ళు దీనిని వింత అన్నారు. మదురైలో ఆ బొమ్మ చూసి వచ్చిన మా ముత్తాత, "ఇందులో వింత ఏమున్నది? మన ఇల్లూ వీధీ మాట్లాడుకున్నట్లే ఉన్నది" అన్నాడట.

కొట్టివేసిన బాకీలు

చిట్టా చివరి పుటలు చూస్తే మనస్సు బరువెక్కుతుంది. 1942లో బర్మా జపానువారి చేతికి పోయి అక్కడి బియ్యం రావడం నిలిచిపోయింది. కొట్టు ముందు అరువు అడిగేవారు పెరిగారు. పేర్ల వరుస పుటలు పుటలుగా సాగింది. ఆ తరువాత ఒక్కొక్క పేరు మీదా అడ్డగీత. పక్కన వసూలు అని లేదు. "పోనీ" అని ఉన్నది. అన్నదమ్ములు పోట్లాడుకున్నారు, కొట్టు మూతపడింది, ముత్తాత మిల్లులో తూకం గుమాస్తాగా చేరాడు. ఆడిటు కళ్ళతో చూస్తే ఇది చెడిపోయిన వ్యాపారం. గుమాస్తాగా నేను దీనిని సమర్థించలేను.

కాని అదే వరుసలో గాజుల చెట్టి పేరు కూడా ఉన్నది, అడ్డగీతతో. అవ్వ పెళ్ళికి అతను వచ్చి మోచేతుల దాకా గాజులు ఎక్కించి, డబ్బు ఇవ్వబోతే, "పాత బాకీ తల్లీ" అని చేతులు జోడించి దిగిపోయాడట. ఆ మాట అవ్వ తన ఎనభయ్యో యేట కూడా కళ్ళు తుడుచుకోకుండా చెప్పలేకపోయేది.

ఈనాడు మా వీధిలో సరుకులు ఫోనులో అడిగితే వస్తాయి. డబ్బు కూడా ఫోనులోనే పోతుంది. తెచ్చినవాడితో మాట్లాడవలసిన పని లేదు. సౌకర్యమే, కాదనను. కాని గంగిరెద్దు మా వీధికి వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్క తప్పింది. గాజులు అట్టపెట్టెలో వస్తున్నాయి. మన మాట ఇంట్లో అమ్మ నేర్పితే వచ్చిందనుకుంటాము. అరుగు మీద బేరం ఆడి, నవ్వి, కసిరి, కొసరు అడిగి కూడా దానిని బ్రతికించుకున్నాము. ఆ అరుగు పోయిన తరువాత బరువంతా అమ్మ ఒక్కతె మీదనే పడింది.

అందుచేత నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో కూడా అటక మీద ఇటువంటి చిట్టా ఉండవచ్చు. తూకానికి ఇవ్వకముందు ఒకసారి పిల్లలచేత పైకి చదివించండి. బెల్లాన్ని పెళ్ళాం అని చదివితే చదవనివ్వండి, నవ్వనివ్వండి. మా అబ్బాయి ఇప్పుడు దినానికి ఒక పుట చొప్పున తెలుగు అక్షరాలలోకి ఎత్తి వ్రాస్తున్నాడు. నిన్న "పోనీ" అనే మాట దగ్గర ఆగి, దీనిని ఎట్లా వ్రాయాలి అని అడిగాడు. వ్రాసి చూపించాను.