అడిగే యాంకరే ఓటు అడిగితే?

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కాం. పక్క సీట్లో మా చిన్నాన్న కొడుకు. నిరుడే పులివెందుల జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఫోన్లో ఓ యూట్యూబ్ యాంకర్ ఎవరో నాయకుణ్ని కడిగేస్తుంటే కళ్లార్పకుండా చూస్తున్నాడు. వీడియో అయిపోగానే అన్నాడు:

"ఈయన ఎలక్షన్లో నిలబడితే నా ఓటు ఈయనకే న్నా."

"ఎందుకురా?"

"మనం అడగలేనివి ఆయన అడుగుతాడు కదా!"

నవ్వేసి ఊరుకున్నా గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ప్రశ్న అడిగేవాళ్లది ఒక పని, జవాబు చెప్పేవాళ్లది ఇంకో పని. మొదటి కుర్చీలోంచి లేచి రెండో కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది? దీనికి మన తెలుగునాట మంచి ఉదాహరణే ఉంది.

తీన్మార్ నుంచి మండలికి

చింతపండు నవీన్ కుమార్ అంటే చాలామంది గుర్తుపట్టరు. తీన్మార్ మల్లన్న అంటే వెంటనే గుర్తుపడతారు. వీ6 ఛానల్లో 'తీన్మార్' వార్తలతో ఇంటింటికీ తెలిసిన ముఖం. వార్తల్ని పుస్తక భాషలో కాకుండా, తెలంగాణ యాసలో, రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నట్టు చెప్పడమే ఆ ప్రోగ్రాం బలం. తర్వాత 'క్యూ న్యూస్' పేరుతో సొంత యూట్యూబ్ ఛానల్ నడిపారు.

మరి ఆ ముఖానికి ఓట్లు వెంటనే పడ్డాయా? లేదు. 2015లో వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటుకు కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడిపోయారు. 2019లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో ఇండిపెండెంట్‌గా దిగితే అక్కడా ఓటమే. 2021లో మళ్లీ పాత పట్టభద్రుల సీటుకే ఇండిపెండెంట్‌గా వచ్చారు. ఈసారి గెలవలేదు గానీ రెండో స్థానం దక్కింది. తెలంగాణ ఉద్యమంలో జేఏసీని నడిపించిన కోదండరాం ఆయన వెనక మూడో స్థానంలో నిలిచారు!

ఆ ఏడాది చివర్లో బీజేపీలో చేరారు. 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు కాంగ్రెస్‌కు వచ్చారు. 2024 మే 27న జరిగిన ఉప ఎన్నికలో అదే సీటు గెలిచి మండలికి వెళ్లారు. 2025 మార్చిలో కాంగ్రెస్ సస్పెండ్ చేసింది. సెప్టెంబర్‌లో తెలంగాణ రాజ్యాధికార పార్టీ పేరుతో సొంత పార్టీ పెట్టారు.

ఒక్క విషయం గమనించారా? మూడుసార్లు పోటీ చేసింది, చివరికి గెలిచింది పట్టభద్రుల సీటులోనే.

కిటుకు బ్యాలెట్‌లోనే ఉంది

ఇంజినీర్ని కదా, నాకు ఇదో అల్గారిథంలా కనిపిస్తుంది. పట్టభద్రుల ఎన్నికలో డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవాళ్లే ఓటర్లు. ఆ ఓటు దానంతటదే రాదు, విడిగా నమోదు చేసుకోవాలి. ఈవీఎం ఉండదు, గుర్తులుండవు. పేపర్ మీద అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని మనకు నచ్చిన వరుసలో అంకెలు వేయాలి. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ వస్తే గెలుపు. ఎవరికీ అన్ని రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను తీసేసి, వాళ్ల ఓట్లను ఆ పేపర్ల మీద ఉన్న తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. 2024లో మల్లన్న కూడా మొదటి ప్రాధాన్యంతోనే గట్టెక్కలేదు. రోజుల తరబడి లెక్కింపు సాగింది.

ఇలాంటి చోట ఊరూరా కేడర్ లేకపోయినా, మూడు జిల్లాల్లో చదువుకున్నవాళ్లకు పేరు గుర్తుంటే అది పెద్ద పెట్టుబడి. అదే అసెంబ్లీ సీటులో? బూతుకో మనిషి కావాలి. పెళ్లికీ చావుకీ వెళ్లిన చరిత్ర ఉండాలి.

మన దగ్గరే చూడండి. పులివెందుల అసెంబ్లీ సీటు 1978 నుంచి ఒకే కుటుంబంలో ఉంది. అయినా 2023 మార్చిలో కడప-అనంతపురం-కర్నూలు పట్టభద్రుల సీటును గెలిచింది అదే పులివెందుల ప్రాంతానికి చెందిన టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి. ఆయన టీవీ ముఖం కాదు. కానీ ఓటు వేసే పద్ధతి మారితే ఫలితం ఎంత మారుతుందో అది చెబుతుంది. ఇక టీవీ సంగతికొస్తే మన జిల్లాలో రూటే రివర్స్. ఇక్కడ యాంకర్ నాయకుడు కాలేదు, రాజకీయ కుటుంబమే మీడియాలోకి వచ్చింది. సాక్షి పత్రిక 2008లో, టీవీ 2009లో మొదలయ్యాయి.

దేశమంతా ఒకే నియోజకవర్గమైతే?

ఈ లెక్కను పూర్తి సైజులో చూడాలంటే ఫిలిప్పీన్స్ వెళ్లాలి. అక్కడ సెనేట్‌కు దేశమంతా కలిపి ఒకే నియోజకవర్గం. ప్రతి ఎన్నికలో 12 సీట్లు, ఒక్కో ఓటరు 12 మందిని ఎంచుకోవచ్చు. అన్ని పేర్లు ఎవరికి గుర్తుంటాయి? రోజూ రాత్రి టీవీలో కనిపించేవాళ్లవే ముందు గుర్తొస్తాయి.

ఏబీఎస్-సీబీఎన్ ఛానల్ న్యూస్ యాంకర్ లోరెన్ లెగార్డా 1998 సెనేట్ ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. అదే ఛానల్లో 'టీవీ పెట్రోల్' చదివే నోలీ డి కాస్ట్రో 2001లో టాపర్. 2004లో ఉపాధ్యక్ష పదవికి ఈ ఇద్దరే తలపడ్డారు, నోలీ గెలిచారు. 2022లో జనం ఫిర్యాదుల్ని కెమెరా ముందే పరిష్కరించే రాఫీ టుల్ఫో సెనేట్‌కు మూడో స్థానంలో నెగ్గారు. ఆయన బలం కూడా యూట్యూబే.

నన్ను ఆపిన సంగతి మాత్రం వేరే. ఆరేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉన్న నోలీ, ప్రభుత్వంలో ఇళ్ల పథకాల బాధ్యత కూడా చూశారు. 2010లో పదవీకాలం ముగిసింది. ఆ నవంబర్లోనే మళ్లీ 'టీవీ పెట్రోల్' కుర్చీలో కూర్చున్నారు. మరి ఇళ్లు రానివాళ్ల వార్త వచ్చిందనుకోండి, ఆయన ఎవరి తరఫున చదివినట్టు?

ఓటుకు ముందు మూడు ప్రశ్నలు

జర్నలిస్టు రాజకీయాల్లోకి రాకూడదని కాదు. ఈనాడులో పనిచేసిన కురసాల కన్నబాబు ఎమ్మెల్యే అయ్యారు, 2019లో వ్యవసాయ మంత్రీ అయ్యారు. రావడం హక్కు. మన పని చెక్ చేసుకోవడం. పోటీకి దిగాక ఆయన ఛానల్ ఎవరి చేతిలో ఉంది? గెలిచాక, తను ఇతరుల్ని అడిగినంత గట్టిగా తనను అడిగితే జవాబిస్తున్నారా? సభలో ఎన్ని ప్రశ్నలు వేశారు, లేక ప్రశ్నలన్నీ వీడియోలోనేనా?

మన పట్టభద్రుల సీటుకు 2029లో మళ్లీ ఎన్నిక రావాలి. ఓటర్ల జాబితా సిద్ధమయ్యే నాటికి మావాడి డిగ్రీకి కూడా మూడేళ్లు నిండుతాయి. నమోదు చేసుకోమని చెప్పా.

ప్రొద్దుటూరులో దిగి కారం దోశ తింటుంటే వాడే అడిగాడు: "అది సరే గానీ న్నా, ఆయన గెలిచి లోపలికి పోతే, ఇంక ఆయన్ని అడిగేదెవరు?"

ఆ ప్రశ్న వాడికి వచ్చింది కాబట్టి, వాడి ఓటు గురించి నాకు బెంగ లేదు.