మన మొదటి ప్రశ్న ఏమిటి?



ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. 1996లో మా పెద్దవాణ్ణి అక్కడ హాస్టలులో చేర్చినప్పుడు, "ఎంత దూరంలే!" అనుకున్నాము. నెలకొకసారి నువ్వుల ఉండలు కట్టుకొని వెళ్లేవారము. వాడు పరుగెత్తుకొని రాగానే మేమడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "మార్కులెన్ని వచ్చినాయిరా?"

నాలుగవ నెలలో వాడు పరుగెత్తి రాలేదు. ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి, "ఇంక పోయిరాండి నాయనా" అన్నాడు. రాత్రులు పక్క తడుపుతున్నాడని, తోటి పిల్లలు నవ్వుతున్నారని వార్డెనమ్మ చెప్పేవరకు మాకు తెలియదు. ఫీజు కట్టాము, బట్టలు కొన్నాము. వాని భయమును మాత్రము అడగలేదు.

మా బాధ విని బంధువొకాయన, "మన ఊరి శిల్పులను చూడండి. ఉలి దెబ్బ తినకుండా రాయి శిల్పమౌతుందా? ముద్దు చేస్తే చెడిపోతాడు" అన్నాడు. కాని రాతికి భయము లేదు, బిడ్డకున్నది.

ముద్దు చేస్తే చెడిపోతారా? బిడ్డకు తల్లితో గాని, తల్లి స్థానములో నున్నవారితో గాని ఆప్యాయమైన, ఎడతెగని సంబంధము అవసరమని జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకిచ్చిన నివేదికలో వ్రాశాడు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా పల్లెలలో తల్లులను, పసిబిడ్డలను వారి ఇళ్లలోనే గమనించింది. తల్లి దగ్గర ధైర్యము దొరికిన బిడ్డ ఎప్పుడూ కొంగు పట్టుకొని ఉండడు. దూరముగా వెళ్లి ఆడుకుంటాడు. భయమేస్తే తిరిగి వస్తాడు.

అప్పటి నుండి వారం వారం వెళ్లాము. మార్కుల మాట మొదట ఎత్తలేదు. వాడు చెప్పుచుండగా అడ్డుపడలేదు. "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అనుట మానుకున్నాము. ఎప్పుడు వస్తామో చెప్పి, ఆ దినముననే వెళ్లాము. వెళ్లలేకపోయిన ఒక ఆదివారము గురించి వానిని క్షమాపణ అడిగాము. ఆ రోజే వాడు మా భుజము మీద తల పెట్టి, భయమంతా చెప్పుకొని ఏడ్చాడు. పక్క తడుపుట వెంటనే ఆగలేదు గాని, పరుగెత్తి వచ్చుట మళ్లీ మొదలైంది.

మార్కు సువార్త 10వ అధ్యాయములో శిష్యులు గద్దించినా, ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకున్నాడు. వారినేమీ పరీక్షించలేదు.

నేడు మా వాడు కూడా తండ్రియే. కూతురు పిలిస్తే సెల్‌ఫోన్ పక్కన పెట్టి ఆమె వైపు తిరుగుతాడు. అది చూచినప్పుడెల్లా మా కళ్లు చెమర్చుతాయి.

ఈ సాయంకాలము మీ బిడ్డ బడి నుండి రాగానే, మొదట ఏమి అడుగుతారు?