కనబడని చేవ్రాలు

మన గ్రామములలో పొలమునకు క్రయపత్రము వ్రాయించుకొనిన వారందరికిని ఒక సంగతి తెలిసియే యుండును. పత్రము చివర అమ్మినవారి చేవ్రాలుండును, సాక్షుల చేవ్రాళ్లుండును. వానికి దిగువ, ఆ పత్రమును వ్రాసిన లేఖరి తన పేరు వ్రాసి తానును చేవ్రాలు చేయును. ఇదంతయు నలుగురి యెదుట జరుగు పని. రేపు తగవు వచ్చినచో లేఖరిని పిలిపించి, ‘ఈ పంక్తి నీవు వ్రాసినదేనా?’ యని అడుగవచ్చును. అతని పేరు అక్కడ నుండుట వలన ఎవరికిని భయము లేదు. ఉన్నదని అందరికిని తెలియును గనుక.

కంప్యూటరుపై వర్డ్ ప్రాసెసరుతో కూర్చిన పత్రమునకును అట్టి లేఖరి యొకడు కలడు. అతడు ఆ ప్రోగ్రామే. మనము ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాసినను, పై అధికారిపై ఫిర్యాదు వ్రాసినను, పెండ్లి శుభలేఖ కూర్చినను, అతడు ప్రక్కన కూర్చుండి తన లెక్క తాను వ్రాసికొనుచునే యుండును. ఆ లెక్క తెరపై అక్షరముల నడుమ కనబడదు, కాగితముపై అచ్చుపడదు. కాని ఫైలును ఈమెయిలులో పంపినపుడు ఉత్తరముతోపాటు ఆ లెక్కయు అవతలివారి చేతికి పోవును.

ఆ లెక్కలో ఏమేమి యుండును? మైక్రోసాఫ్టు వారి వర్డునే గైకొందము. పత్రకర్త పేరు, సంస్థ పేరు, చివరిసారి భద్రపరచిన వారి పేరు, మొదలిడిన తేదీయు గంటయు, ఎన్ని పర్యాయములు భద్రపరచిరో, మొత్తము ఎన్ని నిమిషములు దిద్దుబాటు సాగెనో, ఇవన్నియు నుండును. ఆ పేరు ఎక్కడి నుండి వచ్చినదని మీరడుగవచ్చును. ప్రోగ్రామును ఆ కంప్యూటరులో ఎక్కించిన నాడు ఎవరో ఇచ్చిన పేరది. కావున డి.టి.పి. కేంద్రములో కూర్పించుకొనిన విజ్ఞప్తికి కేంద్రము యజమాని పత్రకర్తయై కూర్చుండును. మిత్రుని దరఖాస్తును తెచ్చి, పైన పేరు మార్చి తనదిగా పంపిన యువకుని ఫైలులో మిత్రుని పేరే చెక్కు చెదరక నిలిచి యుండును. లేఖరి వ్రాసినదంతయు సత్యమని నమ్ముటయు పొరపాటే.

ఇంతకంటె లోతైన గుర్తు ఒకటి వెనుక నుండెడిది. వర్డ్ 97 అను కూర్పు తాను భద్రపరచిన ఫైలులో అంకెలును అక్షరములును కలిసిన 32 గుర్తుల సంఖ్య నొకదానిని చేర్చుచుండెను. అందు చివరి 12 గుర్తులు ఆ కంప్యూటరులోని నెట్‌వర్కు కార్డు సంఖ్య. ఈ కార్డునకు తయారుచేసిన చోటనే ఒక సంఖ్య నిత్తురు. అది వేరొక కార్డున కుండరాదని నియమము. లారీ చాసిస్‌పై చెక్కిన నంబరు వంటిదని భావింపవచ్చును. ఏ రెండు పత్రములకును ఒకే సంఖ్య రాకుండుటకై కార్డు సంఖ్యను వాడుకొనిరి. ఉద్దేశమున దోషము లేదు. కాని ఫలితమేమి? పేరు పెట్టక వ్రాసిన ఉత్తరముపై సైతము, దానిని వ్రాసిన యంత్రము ముద్ర పడెను. 1999 మార్చి నెలలో అమెరికాలోని రిచర్డ్ ఎం. స్మిత్ అను ప్రోగ్రామరు దీనిని బయటపెట్టెను. విండోస్ 98ను రిజిస్టరు చేసికొనునపుడు అదే కార్డు సంఖ్య మైక్రోసాఫ్టునకు చేరుచున్నదనియు తేలెను. అనగా యజమాని పేరును, అతని యంత్రము గుర్తును ఒక్కచోట కలియుటకు వీలు కలిగెను. గగ్గోలు పుట్టినంతనే ఆ సంస్థ సంఖ్యను తొలగించు సాధనమును వెలువరించెను.

అదే నెల 26వ తేదీన మెలిస్సా అను వైరసు ఒక వర్డు పత్రములో దాగి దేశదేశముల వ్యాపించినది. పరిశోధకులు ఆ పత్రములోని సంఖ్యను పట్టుకొని, అట్టి సంఖ్యయే గల పాత ఫైళ్లకై గాలించిరి. ఏప్రిల్ 1వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున డేవిడ్ ఎల్. స్మిత్ అను వాడు పట్టుబడుటకు ముఖ్యాధారము ఇంటర్నెట్టు సంస్థ ఇచ్చిన వివరములే గాని ఈ సంఖ్య కాదు. (ఇరువురి ఇంటిపేరు నొకటియే, వారికి చుట్టరికము లేదు.) ఐనను, పత్రములో ఇట్టి గుర్తు గలదని సామాన్య జనులకు ఎరుకపడినది ఆ దినములలోనే.

వ్యక్తుల మాట యట్లుండ, ప్రభుత్వములే ఈ ఉచ్చులో తగులుకొనినవి. 2003 ఫిబ్రవరి నెలలో, ఇరాకు యుద్ధమునకు ముందు, బ్రిటిషు ప్రధాని కార్యాలయము ఒక నివేదికను ప్రకటించెను. ఇరాకు తన ఆయుధములను ఎట్లు మరుగుపరచుచున్నదో తెలుపు నివేదిక యది. ఆ నెల 5వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పావెల్ దానిని మెచ్చుకొనెను. మరునాటికే కేంబ్రిడ్జి అధ్యాపకుడు గ్లెన్ రంగ్వాలా, దానిలో పెద్ద భాగము ఇబ్రహీం అల్-మరాషీ అను పరిశోధకుని వ్యాసమునుండి అచ్చుతప్పులతో సహా ఎత్తి వ్రాసినదని లోకమునకు చాటెను. అంతటితో కథ ముగియలేదు. నివేదికను వెబ్‌సైటులో వర్డు ఫైలుగనే ఉంచిరి. ఆ ఫైలు పొట్టలో చివరి పది పర్యాయములు దానిని ఎవరెవరు భద్రపరచిరో, ఏ కంప్యూటరులో ఏ పేరుతో ఉంచిరో వరుసగా నుండెను. ఫ్లాపీ డిస్కు మీదికి నకలు తీసిన గుర్తు సైతము దొరకెను. ముందు చెప్పిన రిచర్డ్ స్మిత్ గారే ఆ జాబితాను విప్పి చూపిరి. ఆ పేర్లు గూఢచారి శాఖ పండితులవి కావు. ప్రచార విభాగమున పనిచేయు ఉద్యోగులవి! జూన్ నెలలో ప్రధాని ప్రచారాధికారి ఆలస్టర్ క్యాంప్‌బెల్ పార్లమెంటు విదేశాంగ సంఘము ఎదుట నిలిచి, ఆ నివేదిక పుట్టిన వైనమునకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. యుద్ధమువంటి మహావిషయమున ప్రజలకు తెలియవలసిన సత్యము, అచ్చుకాని ఆ పది పంక్తులలో నుండెను.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున విచిటా అను పట్టణము కలదు. 1974 మొదలు 1991 వరకు ఆ ప్రాంతమున పదిమందిని చంపిన యొక హంతకుడు, తన ఘనతను తానే చాటుచు పోలీసులకు, పత్రికలకు ఉత్తరములు వ్రాయుచుండెడివాడు. కొంతకాలము మౌనముగ నుండి 2004లో మరల వ్రాయ మొదలిడెను. ఫ్లాపీ డిస్కుపై వ్రాసి పంపినచో తన ఆచూకి దొరకునా యని పోలీసులనే అడిగెను! భయము లేదని సూచించుచు వారు పత్రికలో చిన్న ప్రకటన వేయించిరి. 2005 ఫిబ్రవరిలో ఒక టెలివిజను కేంద్రమునకు ఊదారంగు ఫ్లాపీ వచ్చెను. దానిపై చెరిపివేసిన వర్డు పత్రమొకటి పోలీసులకు చిక్కెను. సంస్థ పేరున్న చోట ఒక లూథరను చర్చి పేరును, చివరిసారి దిద్దినవారి చోట ‘డెన్నిస్’ అను పేరును ఉండెను. ఆ చర్చి పాలకసంఘమునకు అధ్యక్షుడు డెన్నిస్ రేడర్. అతని కుమార్తె వైద్య పరీక్షకై వెనుక ఇచ్చిన నమూనాను, ఆమెకు తెలియకుండనే, కోర్టు ఉత్తరువుతో తెప్పించి పోల్చిరి. (అదియు నొక గోప్యతా ప్రశ్నయే; కాని నేటి విషయము కాదు.) ఫిబ్రవరి 25న అతనిని బంధించిరి.

ఇట్టి దుర్మార్గుడు పట్టుబడినపుడు ఆ గుర్తును మెచ్చుకొననివా రుండరు. మేమును మెచ్చుకొందుము. కాని ఆ తాళపుచెవి హంతకుని యింటికే గాక అందరి యిండ్లకును సరిపోవును. కార్యాలయములో జరుగు అవినీతిని పేరు లేక తెలిపిన గుమాస్తా ఫైలులోను అదే చోట అతని పేరుండును. విలేకరి కొక పత్రము నిచ్చినవాని గుర్తు, ఆ విలేకరి అజాగ్రత్తతో మూలమును యథాతథముగ ప్రకటించినచో, రేపే అతని యజమానికి తెలిసిపోవును. గుర్తుండుట తప్పని మేమనము. పలువురు కలిసి ఒక పత్రమును దిద్దుచోట అది లేక పని సాగదు. వ్రాసినవానికి చెప్పకుండ నుండుటయే మాకు నచ్చని సంగతి.

చెరిపిన మాటల సంగతి మరొకటి. 2004లో ఎస్.సి.ఓ. అను సంస్థ డైమ్లర్‌క్రైస్లర్ కంపెనీపై వేసిన దావా పత్రములో, మొదట బ్యాంక్ ఆఫ్ అమెరికాపై వేయదలచి పిమ్మట మార్చుకొనిన వ్రాతలు చెక్కుచెదరక దొరకినవి. మార్పులను గుర్తుంచు ఏర్పాటు వర్డులో నున్నది. దానిని తెరపై దాచినంత మాత్రమున మార్పులు మాయము కావు. పత్రములో అతికించిన ఛాయాచిత్రమున అంచులు కత్తిరించితిమని తలచినను, కత్తిరించిన భాగము తరచుగ లోపలనే యుండును.

వర్డ్ 2007 కూర్పు నుండి ఈ వివరములను వెదకి తొలగించు సాధనము ప్రోగ్రాములోనే వచ్చినది. నేటి కూర్పులలో ఫైలు మెనూలో ఇన్ఫో అను చోట ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ అని యుండును. దానిని నొక్కినచో పేర్లు, వ్యాఖ్యలు, గుర్తుంచిన మార్పులు వేరువేరుగ చూపి, వలదన్నవానిని తీసివేయును. మూలమున గాక ఒక నకలుపై ఈ పని చేయుట మేలు; తీసివేసినవి తిరిగి రాకపోవచ్చును. ఉబలాటము గలవారు మరొకటి చేసి చూడవచ్చును. నేటి వర్డు ఫైలు నిజమునకు కొన్ని చిన్న ఫైళ్లు కట్టిన మూట. దాని నకలు పేరు చివరనున్న ‘డాక్‌ఎక్స్’ను ‘జిప్’ అని మార్చి తెరచినచో, ‘డాక్‌ప్రాప్స్’ అను అరలో లేఖరి వ్రాసిన లెక్క మామూలు అక్షరములలో చదువవచ్చును.

పి.డి.ఎఫ్.గ మార్చి పంపినచో చిక్కు తీరునని కొందరందురు. చాలవరకు తగ్గును గాని తీరదు. పత్రకర్త పేరు దానిలోనికిని ప్రవేశించును. కాగితముపై అచ్చువేసి తపాలాలో పంపుటయే క్షేమమనువారును కలరు. ఫైలులోని లెక్క కాగితమున కెక్కదనుట నిజమే. ఐతే 2005లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారు, ఒక రకపు జెరాక్సు రంగుల ప్రింటరు ప్రతి పుటపైని సన్నని పసుపు చుక్కలను గ్రుచ్చుచున్నదనియు, అందు అచ్చువేసిన తేదీ, గంట, ప్రింటరు సంఖ్య ఇమిడి యున్నవనియు విప్పి చెప్పిరి. ఆ చుక్కలు మామూలు కంటి కానవు. వానిని చూచుటకు నీలికాంతి దీపమును భూతద్దమును కావలెను.